పోర్తో నగరపు ఉప్పుచేప

పోర్చుగల్ తీరజలములలో కాడ్ చేప దొరకదు. అయినను ఆ దేశీయులు ఎండిన ఆ ఉప్పుచేపను బకల్యావు అని పిలుచుచు, క్రిస్మస్ ముందురాత్రి భోజనమును అది లేక ఊహింపజాలరు. పదునారవ శతాబ్దము మొదలుకొని వారి నావికులు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, న్యూఫౌండ్లాండ్ తీరమున పట్టిన చేపను చీల్చి, అవేరో, సెతూబల్ మళ్ళలో పండిన స్వదేశపు టుప్పునం దదిమి, నెలల తరబడి ఓడలలో నిలువచేసి తెచ్చెడివారు. ఇరువదవ శతాబ్ద మధ్యమున సయితము డోరీ యను చిన్నపడవలో జాలరి ఒంటరిగా కూర్చుండి మంచుపొగలో గాలము వేసెడివాడు. మాంసము నిషిద్ధమైన ఉపవాసదినములు క్యాథలిక్కులకు అనేకము లుండుటచే, చెడక నిలుచు నీ చేప సముద్ర మెరుగని పల్లెలకును ప్రాకినది.

ఈ చేప వంట పొయ్యి వెలిగించుటకు రెండు దినములు ముందే ఆరంభమగును. చెక్కవలె బిగిసిన తునకను కడిగి, పైనంటిన ఉప్పును రాల్చి, వెడల్పైన పాత్రలో తోలు పైకుండునట్లు పరచి, నిండుగా చన్నీళ్ళు పోయవలెను. తోలు క్రిందికున్నచో వెలువడు ఉప్పున కది అడ్డుపడును. పైకున్నచో ఉప్పునీరు తన బరువుచేతనే అడుగునకు దిగిపోవును. తునక మందమును బట్టి 24 మొదలు 48 గంటల వరకు, నీరు పలుమార్లు మార్చుచు, చల్లని తావున నానవేయుదురు. తుదకు ఒక చిన్న పీచును నోట వేసికొని చూచుటయే పరీక్ష: ఉప్పు నాలుకకు తెలియవలెను గాని కరవరాదు. ఉప్పంతయు పోగొట్టినచో చేప చప్పిడియగును. ఆ మిగిలిన కొంచెములోనే దాని జీవమున్నది.

1851లో జన్మించిన గోమెష్ ద సా అను పోర్తో వర్తకుని పేర వెలసిన పాకము ఇంట వండుకొనుటకు మిక్కిలి అనువైనది. నానిన చేపపై మరుగునీరు పోసి, మందపు గుడ్డ కప్పి, 20 నిమిషములు ఉంచి, తోలును ముండ్లను తీసి, పొరలు పొరలుగా విడదీసి, వేడిపాలలో గంటన్నరకు తక్కువగాక యుంతురు. పాలు కండను మెత్తబరచి, శేషించిన ఉప్పు తీవ్రతను తగ్గించును. ఈ పాకమునకు విశిష్టత తెచ్చినది ఈ పాలే యని నా యభిప్రాయము. పిదప చక్రములుగా తరిగిన ఉల్లిని, వెల్లుల్లిని ఆలివ్ నూనెలో సన్నని సెగపై మగ్గించి, తొక్కతో ఉడికించి ఒలిచిన బంగాళాదుంప బిళ్ళలను, చేప పొరలను కలిపి, బాగుగా కాలిన ఓవెనులో పావుగంట నుంచి, ఉడికిన గ్రుడ్డుముక్కలు, నల్లని ఆలివ్ కాయలు, తరిగిన పార్స్లీ ఆకు పైన చల్లి వడ్డింతురు. మన దేశమునకు మిరపకాయను తెచ్చిన పోర్చుగీసువారు ఈ వంటలో దానిని ముట్టనే ముట్టరు.

కావున వండబూను పాఠకులు తొలిమారైనను మసాలాలతో దీనిని సవరింపబోక, ఉన్నదున్నట్లు వండి చూతురుగాక. నూనె విషయమున మాత్రము లోభము పనికిరాదు. మేలైన ఆలివ్ నూనె దొరకనిచో ఈ వంటకు పూనుకొనకుండుటయే మంచిది.