తాతయ్య బడికి మూడు పుస్తకాలు

2020 మార్చిలో బళ్ళు మూసేసినప్పుడు మా మనవరాలు మా ఇంట్లోనే ఉండిపోయింది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. "నాలుగు రోజులే కద నాన్నా, కాస్త చదువు చెబుతూండు" అంది మా అమ్మాయి. ఆ నాలుగు రోజులూ ఏడాది దాటాయి. ముప్పై ఏళ్ళు పద్దులు రాసినవాణ్ణి, చిన్నపిల్లకి చదువు చెప్పడం ఎంత పని అనుకున్నాను. ఎంత పనో ఆ ఏడాదంతా తెలుస్తూనే ఉంది.

మొదట నేను అటక మీంచి దింపింది పెద్ద బాలశిక్ష. మన ఇళ్ళల్లో పిల్లల చదువనగానే గుర్తొచ్చే పుస్తకం అదే కదా. 1832లో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి గారు రాసిన బాలశిక్ష చేతులు మారి, ఒళ్ళు చేసి, ఇప్పుడు తలగడంత అయింది. అక్షరాలు మొదలుకుని తిథులు, నక్షత్రాలు, కొలతలు, నీతివాక్యాలు, అందులో లేనిది లేదు. నేను ప్రభవ, విభవ దగ్గర పట్టుకున్నాను. మూడో రోజున అది అడిగింది: "తాతయ్యా, ఈ అరవై పేర్లూ గట్టిగా పిలిస్తే ఎవరైనా పలుకుతారా?" నాకు కోపం వచ్చింది. అరిచాను. మర్నాటి నుంచి ఆ పుస్తకం అట్ట కనిపిస్తే చాలు, మంచం కిందకి దూరేది. ఒకనాడు అన్నానికి పిలిచినా రాలేదు. ఆ పూట నాకూ ముద్ద దిగలేదు.

అప్పుడు ఒక స్నేహితుడు పంపిన పుస్తకం 'పగటి కల'. రాసినది గుజరాత్‌కు చెందిన గిజూభాయి బధేకా. ఆయన వకీలు. సొంత కొడుకుని ఎలా చదివించాలా అని వెతుక్కుంటూ మాంటిసోరి రచనలు చదివి, వకాల్తీ వదిలి మేష్టరయిపోయాడు. 1920లో భావనగర్‌లో పిల్లల కోసం బాలమందిరం పెట్టాడు. ఈ పుస్తకంలో ఒక కొత్త మేష్టరు నాలుగో తరగతిని చేపట్టి, మొదటి రోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టబోయి అల్లరిపాలవుతాడు. ఆ పేజీలు నాకు ప్రాణం లేచొచ్చేలా చేశాయి. కాని ఆ తర్వాత కథలు మొదలెట్టగానే తరగతి దారిలో పడిపోవడం నాకు మింగుడుపడలేదు. నేనూ కథ చెప్పాను లెండి. సగంలో మనవరాలు నిద్రపోయింది. అయినా ఈ పుస్తకం గొప్పతనం ఒకటుంది. దీంట్లో పరీక్షకి నిలబడేది పిల్లలు కాదు, మేష్టరు.

మూడోది 'రైలుబడి'. తెత్సుకో కురొయనాగి 1981లో జపాన్‌లో అచ్చువేయించిన తన చిన్ననాటి ముచ్చట్లు. ఒక బడి వెళ్ళగొట్టిన పిల్లని రైలుపెట్టెల బడిలో చేర్చుకుంటూ, ఆ హెడ్మాస్టరు కొబయాషి గారు నాలుగు గంటలసేపు దాని కబుర్లు విన్నారు. నేను నా మనవరాలి మాట నాలుగు నిమిషాలు విన్నానా? ఇది చదివి కళ్ళు తుడుచుకోని వారుండరు. నా ఫిర్యాదల్లా అదే. కన్నీళ్ళతో పుస్తకం మూసేస్తాం, మన ఇంట్లో ఏమీ మారదు. పైగా కొబయాషి గారు యూరప్ వెళ్ళి సంగీతంతో చదువు చెప్పే పద్ధతి నేర్చుకొచ్చిన మనిషి. నాకు ఈలవేయడం కూడా రాదు.

కాని అందులో భోజనాల ముచ్చట ఒకటుంది. పిల్లల డబ్బాలో సముద్రానిదొకటి, కొండలదొకటి ఉండాలన్నది ఆ బడి నియమం. దీన్ని మనవరాలికి చదివి వినిపించాను. వెంటనే వంటింట్లోకి పరుగెత్తింది. మా ఇంట్లో చేపలు వండరు కనక సముద్రం వాటాకి ఉప్పొక్కటే దక్కింది. చింతపండు ఎక్కడిది, మిరియాలు ఎక్కడివి అంటూ మా ఆవిణ్ణి ఊపిరాడనివ్వలేదు. ఇంగువ అఫ్గానిస్తాన్ నుంచి వస్తుందంటే నమ్మక, నాచేత అట్లాసు తీయించింది. ఆ వెతుకులాటలోనే బియ్యం డబ్బాలో ఇత్తడి సోల దొరికింది. మా ఆవిడ ఇప్పటికీ దాంతోనే కొలుస్తుంది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అంది. తవ్వ ఉండేది, మానిక ఉండేది అన్నాను. ఎన్ని సోలలయితే తవ్వ అని అడిగి, నేను నోరు తెరిచేలోగా తనే వెళ్ళి పెద్ద బాలశిక్ష మోసుకొచ్చింది! రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బియ్యం నేలంతా పోసి మరీ సరిచూసింది.

అప్పుడు ఆ పాత పుస్తకం మీద నా కోపం చల్లారింది. తప్పు దానిది కాదు. అది పుట్టిన కాలంలో సోలా తవ్వా వంటింట్లో ఉండేవి, నక్షత్రాలు పెరట్లో మంచం మీద పడుకుంటే కనిపించేవి. ఇంట్లో ఉన్నవాటికి ఆ పుస్తకం ఒక విషయసూచిక. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి, పెరళ్ళు పోయాయి, సూచిక మాత్రం ఏటేటా లావెక్కుతోంది. వస్తువు చూపించకుండా సూచిక బట్టీ పట్టించబోయినవాణ్ణి నేనే.

ఇప్పటికీ ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి, పిల్లలకి ఇంట్లో చెప్పుకోడానికి మంచి పుస్తకం ఏదండీ అని అడుగుతారు. 'పగటి కల' చేతిలో పెడితే, ఇది పెద్దవాళ్ళదిలా ఉందే అని తిప్పిచ్చేస్తారు.

బళ్ళు తెరిచాక మనవరాలు వెళ్ళిపోతూ సోల కూడా పట్టుకుపోయింది. మా ఆవిడ ఇప్పుడు స్టీలు గ్లాసుతో కొలుస్తోంది. రోజూ అన్నం కాస్త మిగిలిపోతోంది.