చేవకు తగిన పన్ను

కొట్లో వేలాడదీసిన చైన్‌సా చైనును ఒకసారి దోసిట్లోకి జారనివ్వండి. నూనె తడితో చల్లగా, బరువుగా, రివెట్టు రివెట్టు దగ్గరా ఒయ్యారంగా వంగుతూ వచ్చి ఒదిగిపోతుంది. అంచుల మీద వేలు పెట్టకండి, కంటితోనే తడమండి. ఎడమకొక పన్ను, కుడికొక పన్ను, మళ్ళీ ఎడమకు. వాటి కింద, చైను చుట్టూ పరుగెత్తే ఉక్కు పట్టీ ఉందే, ఆ బారు గాడిలోకి దిగే డ్రైవ్ లింకుల వరుస. ప్రతి పంటి వీపు మీదా పలచని క్రోమియం మెరుపు. మిషన్ గర్జనకు చెవులు మూసుకుని, దాని నోట్లో ఉన్న ఇంత సొగసును చూడకుండానే వదిలేశామే! ఇంజను చేసేదల్లా తిప్పడమే. మాను పలికేది ఈ పంటికి.

ఒక్క పన్ను దగ్గర కాస్త ఆగుదాం. అంచుకు ముందు చిన్న మూపురం ఒకటి నిలబడి ఉంటుంది. అంచు ఎంత లోతుకు దిగాలో చెప్పేది అదే. ఆ రెండింటి ఎత్తుకూ తేడా సుమారు 0.65 మిల్లీమీటర్లు. మొత్తం కోత ఆ వెంట్రుకవాసి తేడాలోనే ఉంది. పక్క అంచు నారను తెంపుతుంది, పై అంచు దాన్ని లేపుతుంది, లోపలి వంపు పెచ్చుగా చుట్టి బయటికి విసురుతుంది. సెకనుకు 20 మీటర్లకు పైబడిన పరుగులో, ఒక పన్ను వదిలిన చోటును వెనకున్న పన్ను అందుకుంటూ, తెంపి, లేపి, విసిరి, తెంపి, లేపి, విసిరి... ఎంత నిక్కమైన లయ! పొడవాటి బారు మీద పెచ్చులు ఇరుక్కోకుండా పళ్ళను తగ్గించి ఎడం పెంచిన చైన్లూ ఉన్నాయి. అక్కడ లయ విలంబితం.

ఈ పంటికి గురువు ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే అడవి పనివాడు కట్టెలు కొడుతూ ఒక మొద్దు ముందు ఆగిపోయాడు. అందులో వేలెడంత కలపపురుగు నారకు అడ్డంగానూ నిలువుగానూ ఒకే సుళువుతో తొలుచుకుపోతోంది. ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా వంగిన దవడలు, ఎడమకూ కుడికీ మారే కొరుకుడు. అప్పటిదాకా చైన్ల మీద ఉన్నవి ఇద్దరు మనుషులు చెరో వైపు లాగే పాత రంపం పళ్ళే. అవి కర్రను గీరేవి, ఊరికే పదును పోగొట్టుకునేవి. కాక్స్ పోర్ట్‌లాండ్‌లోని తన ఇంటి నేలమాళిగలో కూర్చుని ఆ దవడలను ఉక్కులో పోశాడు. 1947లో ఆయన నెలకొల్పిన సంస్థే ఇవాళ మన బజారులో ఒరెగాన్ పేరుతో దొరికే చైన్లకు మూలం. చెట్టును తినే ప్రాణి దగ్గరే చెట్టును కోసే విద్య పట్టేసిన ఆ చూపు ఎంత రసికమైనది!

ఇక ఎంపిక. ఫుల్ చిజిల్ పంటి మూల పదునుగా, నిక్కచ్చిగా ఉంటుంది. శుభ్రమైన పచ్చి మాను, అప్పుడే కూల్చిన సుబాబుల్ లాంటిది దొరికితే దాని ఉరవడి చూసి తీరాలి. కానీ అది మహా అభిమానవతి. కాస్త ఇసుక తగిలినా అలిగి మొద్దుబారుతుంది. సెమీ చిజిల్ మూల గుండ్రన, నడక నిదానం. చేవదేలిన ఎండు చింతమొద్దు ముందు, తుఫానుకు కూలి బురద పూసుకున్న మామిడి ముందు పదును నిలుపుకుంటూ సాగేది ఈ ఓర్పుగల పన్నే. మొద్దును నిలువునా పలకలు తీయాలంటే అంచు వాలే మారిపోవాలి. అడ్డకోతకు సుమారు 30 డిగ్రీలు, నిలువుకోతకు 10. ఒక్క వాలు మార్చితే పలక ముఖం ఎంత నునుపు తేలుతుందో!

పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. మేలిమి బంగారు వడ్డాణమైనా మెడకు చుట్టుకుంటే నవ్వులపాలే కదా. చైనుకూ అదే న్యాయం. వరస మూడు రివెట్ల మధ్య దూరంలో సగం దాని పిచ్. అది చైనును తిప్పే పళ్ళచక్రంతో, అంటే స్ప్రాకెట్‌తో కలవాలి. డ్రైవ్ లింకు మందం గేజ్. 1.3 మిల్లీమీటర్ల గాడిలో 1.6 లింకు దిగనే దిగదు, 1.6 గాడిలో 1.3 లింకు పక్కలకు ఊగి కోతను వంకర తిప్పుతుంది. ఇరవై అంగుళాల బారు అని చెప్పినా చాలదు, దాని చుట్టూ 70 లింకులు పట్టవచ్చు, 72 పట్టవచ్చు. పిచ్, గేజ్, లింకుల లెక్క, ఆ పైన మాను స్వభావం... ఈ నాలుగూ ఒక్క చోట కుదిరిన క్షణం ఉందే, అది పద్యంలో యతి ప్రాసలు వాటంతటవే వచ్చి కూర్చున్న క్షణం! అప్పుడు కోసేవాడు నొక్కనక్కర్లేదు, మిషన్ తన బరువుకే దిగిపోతుంది.

కుదిరిందో లేదో కర్రే చెబుతుంది. పచ్చి వాసనతో బూట్ల మీద దళసరి పెచ్చులు కురిస్తే రసం పండినట్టు. అడ్డకోతలో పిండిలాంటి పొట్టు రాలుతోందంటే పదును పోయినట్టు. 0.325 అంగుళాల పిచ్ చైనుకైతే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి తీసి, అదే వాలులో ప్రతి పంటికీ రెండు మూడు తోపులు ఇవ్వండి, పెచ్చు మళ్ళీ లేస్తుంది.

కాబట్టి ఈసారి కొట్టుకు వెళితే ‘మంచి చైను ఇవ్వండి’ అనకండి. మాను ఏదో, పచ్చిదో ఎండుదో, అడ్డమో నిలువో ముందు చెప్పండి. అంకెలు ఆ తర్వాత. మీరు చెప్పకముందే ఇవన్నీ అడిగే కొట్టువాడు తారసపడ్డాడా, అతను మీకు సాటి రసికుడు. ఇంకో కొట్టు గడప తొక్కకండి!