రాగి తీగ, పీచు తాడు

ఈ వారం మా అక్కయ్య ఇంట్లో అన్నం గిన్నెలో ప్లైవుడ్ ఉడికింది.

వండినవాడు మా మేనల్లుడు. హైదరాబాదు ఉద్యోగాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని కాశీబుగ్గ వచ్చేశాడు. కారు పెట్టాల్సిన పెంకుల సాయబానులో 14 అడుగుల మోటారు పడవ కడుతున్నాడు. మామూలు పడవ కూడా కాదు, పాతకాలపు షోకు పడవ. ఇటలీలో రీవా కంపెనీ 1962లో తెచ్చిన ఆక్వారామా ఫొటో గోడకి అంటించుకున్నాడు. ఎర్రగా మెరిసే మహాగనీ డెక్కు, దాని మీద సన్నటి తెల్ల గీతలు, సినిమా తారలు ఎక్కే సరుకు. వీడిది భావనపాడు ఉప్పుటేట్లో తిరుగుతుందట. చలికాలంలో తేలినీలాపురం పక్షులు మేతకి దిగితే చూస్తాడట. మోటారు చప్పుడుకి పక్షులు నిలుస్తాయా అని అడిగితే, "అక్కడ తెడ్డేస్తాను మావయ్యా" అన్నాడు.

ఇక ఉడకబెట్టడం సంగతి. మెరైన్ ప్లైవుడ్ అని ఓ కొట్లో అంటగట్టిన పలక మీద ఐ.ఎస్. 710 ముద్ర లేదు. వీడికి అనుమానం వచ్చింది. అసలు సరుకైతే గంటల తరబడి సలసల మరిగినా పొరలు విడవకూడదు. ఇది సాయంత్రం పొయ్యెక్కి, సీరియల్ అయ్యేలోగా తడిసిన పుస్తకంలా విచ్చుకుంది. తర్వాత విశాఖ నుంచి తెప్పించిన పలక రాత్రంతా ఉడికినా చెక్కు చెదరలేదు. గిన్నె మాత్రం అక్కయ్య మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

నా గొడవ పాత పాఠకులకి తెలిసిందే. ఫైబర్ కుర్చీలో నేను కూర్చోను. ఫైబర్ తలుపుల మీద వరసగా రెండు వారాలు రాస్తే వచ్చిన ఉత్తరాల్లో తిట్లే ఎక్కువ. సముద్రం మీద ఫైబర్ తేలడం మరీ కంటగింపు. మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ బంగాళాఖాతం కార్యక్రమం నడిపింది. కెరటాలు దాటి ఒడ్డుకెక్కే కొత్తరకం పడవలకి 1980ల్లో నమూనాలు కట్టిందీ వాళ్లే. ఆ వెంట ఫైబర్ వచ్చి మన తీరంలో చెక్కని ఇసుకలో పడేసింది. అలాంటి రోజుల్లో మన ఇంటి పిల్లాడు చెక్కతో పడవ కడుతుంటే నేను సంతోషించాలి. కానీ ఆ ఇటలీ ఫొటో చూసి ఒళ్లు మండింది. ఉద్దానంలో పుట్టి మహాగనీ ఏమిటి? ఈ కాలమ్‌లో వాడిని ఏకేద్దామనే వెళ్లాను.

వెళ్లేసరికి వాడు కుడుతున్నాడు.

రెండు పలకల అంచులు దగ్గరకి చేర్చాడు. జానెడుకో జత చిన్న బెజ్జాలు. వాటిలోంచి రాగి తీగ దూర్చి, పట్టకారుతో మెలిపెడుతున్నాడు. ఒక్కో మెలికకి చాపలా పరుచుకున్న పలకలు కాస్త కాస్త లేచి, నా కళ్లముందే దోనె ఆకారంలోకి వంగాయి. తర్వాత లోపలి మూలల్లో రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ జిగురు మెత్తుతారు. దాని మీద గాజుగుడ్డ పట్టీ అంటిస్తారు.

"గాజుగుడ్డంటే ఫైబరే కదరా?"

"ఫైబరే మావయ్యా."

నేను మాట్లాడలేదు. ఈ పద్ధతి ఇంగ్లండులో పుట్టిందట. 1963లో డైలీ మిర్రర్ అనే పత్రిక ఇలా కుట్టుకునే చిన్న తెరచాప పడవని సామాన్య పాఠకుల ముందు పెడితే, ప్రపంచమంతా కలిపి 70 వేలకు పైగా కట్టుకున్నారు. పత్రిక పాఠకుల చేత పడవలు కట్టించింది! మన పత్రికలు ఉగాదికి పంచాంగం ఇచ్చి ఊరుకుంటాయి.

కానీ నా కళ్లు ఆ తీగ మెలికల మీదే ఉన్నాయి. బారువ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, సరుగుడు తోపు నీడలో, సరిగ్గా ఇలాగే కుట్టేవాళ్లు. పడవ లోపల ఒకడు, బయట ఒకడు. మామిడి పలకల అంచుల్లో బెజ్జాలు. అతుకు మీద గడ్డి మోపు పరిచి, దాని మీదుగా కొబ్బరి పీచు తాడు అడ్డంగా, ఐమూలగా దూర్చేవాళ్లు. లోపలివాడు పలకకి మడమ తన్నిపెట్టి, వెల్లకిలా వాలి తాడు లాగేవాడు. తాడు కిర్రుమనేది. ఒక్క మేకు లేదు, పక్కటెముకల్లాంటి అడ్డకర్రలు లేవు. మేకులు కొట్టిన పడవని మన కెరటం ఒడ్డుకి విసిరితే పలక పగులుతుంది. కుట్టు పడవ ఒళ్లు వంచుకుని దెబ్బ తట్టుకుంటుంది. దీన్నే తెల్లవాళ్లు మసూలా పడవ అన్నారు. మద్రాసుకి రేవు లేని రోజుల్లో ఓడ దిగిన దొరలూ దొరసానులూ ఒడ్డు చేరింది ఈ పీచు తాళ్లని నమ్ముకునే. మా ఊళ్లో అది అలివి వల పడవ. నన్ను ఒక్కసారి ఎక్కించుకున్నారు. చేతికి డబ్బా ఇచ్చి నీళ్లు తోడమన్నారు. అంత సరదా నేను మళ్లీ ఎరగను. ఎనిమిదేళ్లుంటాయేమో నాకు.

ఇదంతా మేనల్లుడికి చెబుతుండగానే వాకిట్లో చేపల పెద్దాయన నిలబడి వింటున్నాడు. అక్కయ్యకి ఎండుచేపలు తెచ్చిచ్చే మనిషి, వజ్రపుకొత్తూరు వైపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఖాళీ. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, తీగ మెలికని వేలితో మీటాడు.

"ఇది మన కుట్టు పడవే గదేటి బావూ! తాడుకి మారు తీగేసినాడు."

నాకు ఛాతీ పొంగింది. "అదే నేనూ అంటున్నాను. ఎంత గొప్ప పని! ఫైబర్ వచ్చి మొత్తం పోయింది."

"పోతే పోనీ. నువ్వు కుట్టినోడివి కావు గదా," అన్నాడాయన, నవ్వుతూనే. "తాడు కుళ్లిపోద్ది, మళ్లీ ఇప్పాల, మళ్లీ కుట్టాల. పీచు నానబెట్టాల, కొట్టాల, ఆడోళ్లు తాళ్లు పేనాల. సముద్రం మీదకెళ్తే ఒక మడిసికి నీళ్లు తోడ్డమే పని. తెప్పైతే ఒడ్డుకొచ్చీగానే ఇప్పేసి దుంగలు ఆరబెట్టాల, నేకపోతే బరువెక్కిపోద్ది. మా అయ్య నడుం అలాగే పోనాది. ఫైబరొచ్చినాక నాను ఎనక్కి తిరిగి సూడ్నేదు."

నీళ్లు తోడే మనిషి. ఆ రోజు డబ్బా నా చేతికిచ్చి, ఆ మనిషి కాసేపు చేతులు దులుపుకున్నాడన్నమాట.

ఫైబర్ మీద ఇరవై ఏళ్లుగా నేను రాసిందంతా ఆ మాట ముందు తేలిపోయింది. వేటకి వెళ్లేవాడు చెక్కని వదిలేసి ఎన్నో ఏళ్లయింది; ఇప్పుడు చెక్క పడవ కట్టేది నెల జీతం వచ్చేవాడే. అందుకే వాడు మహాగనీ గీతల గురించి వారం రోజులు ఆలోచించగలుగుతున్నాడు. ఆ గీతలు ఎందుకు గీయకూడదో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఏకడం సంగతి ఆ పూటకి మర్చిపోయాను.

పెద్దాయన మాత్రం పనిలో పడ్డాడు. అమరం వైపు పలకని పిడికిలితో కొట్టి చూసి పెదవి విరిచాడు. "మోటారు బరువంతా దీని మీదే బావు. దడదడకి వదులైతే మోటారు ఏట్లో పోద్ది. సేవ కర్రెయ్యి." మేనల్లుడు నా వంక చూశాడు. ఎందుకు చూశాడో తెలుసు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను కూల్చిన మా పెరటి పనస, పలకలు కోయించి ఉయ్యాల బల్లకని అటక మీద దాచుకున్నాను. పసుపు రంగు చేవ. ఏడేళ్లుగా ఎవరడిగినా ఇవ్వలేదు. వాడికి కావలసింది రెండడుగుల ముక్క. కొలతలు రాసుకుని రమ్మన్నాను.

ఎండకి జిగురు గిన్నెలోనే కాగి పొగలు రావడం మొదలైంది. వాడు దాన్ని పెరట్లోకి విసిరేసి కొత్తగా కలపడానికి కూర్చున్నాడు. అంతవరకూ డబ్బాలనే చూస్తున్న పెద్దాయన అప్పుడడిగాడు:

"మిగిలితే ఆ జిగురు కాసింత ఇస్తావేటి బావు? నా పడవకి అడుగున నెర్రి ఇచ్చినాది."

కలిపితే దారిలోనే గట్టిపడిపోతుందని రెండు మందులూ విడివిడిగా రెండు మందు సీసాల్లో పోసిచ్చాడు. ఏది ఎంత కలపాలో అట్ట ముక్క మీద రాసి, దాన్ని సీసాలకి రాగి తీగతో కట్టాడు.