దుఃఖం పాఠం చెప్పి తీరాలా?

తపాలాలో ఒక పార్శిల్ వస్తుంది. విప్పితే అందులో చిన్నపిల్లలు బడికి వేసుకెళ్ళే సంచి. దాన్ని తెప్పించిన తల్లి చనిపోయి అప్పటికి వారం. పాపకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. బిడ్డ బడికి వెళ్ళేనాటికి తాను ఉండనని తెలిసి, భర్తకు చెప్పకుండా ఆ తల్లి దాన్ని ముందే తెప్పించి పెట్టింది. ఇంటి మెట్ల మీదే భర్త కుప్పకూలి ఏడ్చాడు.

ఇది 'ఎ క్రో లుక్డ్ ఎట్ మీ' అనే ఆల్బమ్‌లో మొదటి పాట. పేరుకు అర్థం 'ఒక కాకి నన్ను చూసింది' అని. 'మౌంట్ ఈరీ' పేరుతో పాడే అమెరికన్ గాయకుడు, గీత రచయిత ఫిల్ ఎల్వెరమ్ 2017 మార్చిలో దీన్ని విడుదల చేశారు. ఆయన భార్య జెనవీవ్ కాస్ట్రే కెనడాకు చెందిన బొమ్మల కథల రచయిత్రి, సంగీతకారిణి. పాప పుట్టిన కొన్ని నెలలకే ఆమెకు క్లోమ గ్రంథి క్యాన్సర్ అని తేలింది. 2016 జూలైలో 35 ఏళ్ళకే కన్నుమూశారు. ఆ తర్వాతి నెలల్లో, ఆమె ప్రాణం పోయిన గదిలోనే, ఎక్కువగా ఆమె వాయిద్యాలతోనే ఎల్వెరమ్ ఈ 11 పాటలు రికార్డు చేశారు. గిటారు, అక్కడక్కడా మరో వాయిద్యం, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండే గొంతు. అంతే.

విమర్శకులు దీన్ని ఎంతగానో మెచ్చుకున్నారు. విన్నవాళ్ళు మాత్రం ఒక్కమాట మీద లేరు. ఇంత నిజాయితీ గల పాటలు ఎన్నడూ వినలేదనేవారు కొందరు. ఒకసారి విన్నాం, మళ్ళీ వినలేమనేవారు కొందరు. ఇది సంగీతమే కాదు, దినచర్య చదివి వినిపించడమని పెదవి విరిచేవారూ ఉన్నారు. చనిపోయిన మనిషి ఆఖరి రోజులను నలుగురి ముందు పెట్టే హక్కు ఎవరిచ్చారని అడిగేవారు మరికొందరు. ఈ చివరి రెండు అభ్యంతరాలూ కొట్టిపారేయదగినవి కావు.

ముందు సంగీతం సంగతి. పల్లవి తిరిగి రాదు, చరణాలు ఒక కొలతలో ఉండవు, గొంతు పైకి లేవదు. చెత్త బయట పడేయడం, ఆమె పళ్ళు తోముకునే బ్రష్ తీసేయడం, పాపకు చలి వేస్తోందని కిటికీలు మూయాల్సి రావడం వంటివే ఇందులో విషయాలు. కానీ మన భాషలో 'రాగం తీసి ఏడవడం' అనే మాట ఉంది. చావింట్లో మన ఆడవాళ్ళు శోకాలు తీసేటప్పుడు సిద్ధాంతాలు చెప్పరు. పోయినవాణ్ణి వరస పెట్టి పిలుస్తూ, వాడు తిన్న కంచం, కట్టిన పంచె, చేస్తానన్న పని ఒక్కొక్కటే తలుచుకుంటారు. ఆ ఏడుపులో చంపేది ఆ వివరాలే. ఎల్వెరమ్ చేసిందీ ఇంచుమించు అదే. అయితే ఆయన రాగం కూడా తగ్గించేశారు. అందుకే కొన్ని పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నడుమ కొంత చప్పగా తోస్తాయి. ఆ లోపం ఉంది. దాన్ని కూడా గొప్పతనంగా చూపాల్సిన పని లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. తన జబ్బు గురించి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆమె ఇప్పుడు చెప్పలేదు. ఈ ప్రశ్న గాయకుణ్ణి కూడా వదల్లేదు. 2018లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ 'నౌ ఓన్లీ'లో, ఎడారిలో జరిగిన ఒక సంగీతోత్సవంలో మత్తులో ఉన్న కుర్రకారు ముందు ఈ చావు పాటలు పాడిన వైనాన్ని ఆయనే చెప్పుకున్నారు. నాకు తోచేది ఒకటే: ఈ పాటల్లో ఆమె జాలిపడాల్సిన రోగిగా మిగిలిపోదు. బిడ్డకు సంచి తెప్పించిన మనిషిగా, ఇల్లు కట్టుకుందామని ఒక చోటు ఎంచుకున్న మనిషిగా నిలుస్తుంది. అది అభ్యంతరానికి పూర్తి జవాబు కాదు, కొంత జవాబు.

మనం ప్రత్యేకంగా వినాల్సిన పాట 'ఎంప్టీనెస్ పార్ట్ 2'. ఎల్వెరమ్ అంతకుముందు 2015 నాటి 'సానా' ఆల్బమ్‌లో శూన్యం మీద పాట కట్టారు. ఇందులో దానికి రెండో భాగం చెబుతూ, ఆసుపత్రి దారులు తెలియకముందు శూన్యం గురించి మాట్లాడుకోవడం బాగుండేదన్న అర్థంలో తన పాత పాటనే నిలదీస్తారు. శూన్యత, అనిత్యం అనే మాటలు వేదికల మీద, వ్యాసాల్లో తరచూ వాడే మనకు ఇది సూటిగా తగులుతుంది. అవి తప్పు మాటలని ఆయన అనడం లేదు. తెలిసిన మాటకూ, మీద పడిన దానికీ మధ్య ఎంత దూరముందో చూపుతున్నారు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో కిసాగోతమి కథ చెప్పారు. బిడ్డ శవాన్ని ఎత్తుకుని వచ్చిన ఆ తల్లికి బుద్ధుడు అనిత్యం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని పంపాడు. గడప గడపా ఎక్కి దిగాక ఆమెకు తానుగా అర్థమైంది. ఎల్వెరమ్ ఇంకా ఒక్క గడప కూడా దాటలేదు. మొదటి పాటలోనే, దీని నుంచి ఏమీ నేర్చుకోవాలని లేదని తేల్చేస్తారు. ఓదార్పు కోరి వచ్చిన శ్రోత అక్కడే అలిగి లేస్తాడు. నేను దాన్ని లోపమనుకోను. నేర్చుకోని పాఠాన్ని నేర్చుకున్నట్టు పాడటమే అబద్ధమయ్యేది.

ఇక కాకి. చివరి పాటలో, అడవిలో తండ్రి వీపున నిద్రపోతున్న పాప కలవరింతలో 'కాకి' అంటుంది. ఆ క్షణంలో ఆయనకు భార్య అక్కడే ఉన్నట్టు తోస్తుంది. అర్థాలు వెతకనన్నవాడు చివరికి అర్థం వెతికాడు కదా అని కొందరు ఎత్తిపొడుస్తారు. కాకులకు పిండం పెట్టే ఆచారాన్ని వదిలి వచ్చిన మనకు కూడా ఈ పాట కొంచెం ఇబ్బందే. కానీ ఆమె కాకిగా వచ్చిందని నమ్మమని ఆయన మనకు చెప్పడం లేదు. నిద్రలేని ఒక తండ్రి మనసు ఆ పూట ఎటు పోయిందో చెబుతున్నారు. నమ్మకం వేరు, బెంగ వేరు. బెంగను మూఢత్వమని కసిరేవాళ్ళు బహుశా ఇంకా ఎవరినీ పోగొట్టుకోలేదు.

నలభై నిమిషాల ఆల్బమ్ ఇది. పని చేసుకుంటూ వినేది కాదు. ఈమధ్యే ఇంట్లో ఎవరైనా పోయినవారు ఇప్పుడే వినాలని నేను చెప్పను. వినగలిగినవారు మాత్రం మొదటి పాట ఒక్కటి విని ఆపండి. మరునాడు కూడా ఆ సంచి గుర్తుంటే, మిగతా పది వినండి.