522101 కాస్తా 5555555 అయితే

"ముప్పై ఏళ్లుగా నడుస్తోంది, ముట్టుకోవద్దు" అన్న మాట ఈ వారం మళ్లీ చెవిన పడింది, పాత కోబాల్ ప్రోగ్రామ్ గురించే. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని మెయిన్‌ఫ్రేమ్‌ల మీద స్థిరపడినవాళ్లు తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు చాలామందే. ఒక ఫీల్డులోని డేటాను ఇంకో ఫీల్డులోకి నకలు చేసే మూవ్ వాళ్లకు కొత్త కాదు. పంపే ఫీల్డూ, అందుకునే ఫీల్డూ మెమరీలో ఒకదానిమీదొకటి పడితేనే చిక్కు. బాపట్ల పిన్‌కోడ్ 522101నే తీసుకోండి. ఏడు బైట్ల జాగాలో మొదటి ఆరింటిలో అది ఉంది. అదే జాగాను రీడిఫైన్స్‌తో రెండో బైటు నుంచి మొదలయ్యే ఇంకో ఆరు బైట్ల ఫీల్డుగా చూపి, మొదటిదాన్ని అందులోకి మూవ్ చేశారు. 5522101 రావాలని ఆశ. యంత్రం ఎడమ నుంచి బైటు బైటుగా నకలు చేస్తే మొదటి 5 పోయి పక్కనున్న 2ను చెరిపేస్తుంది, ఆ కొత్త 5 తర్వాతి దాన్ని చెరుపుతుంది, చివరికి మిగిలేది 5555555. కుడి నుంచి మొదలుపెడితే అనుకున్నదే వస్తుంది. ఏది రావాలో కోబాల్ ప్రమాణం చెప్పదు, ఫలితాన్ని నిర్వచించకుండా వదిలేస్తుంది.

అది బద్ధకం కాదు. 1964 నాటి ఐబీఎం సిస్టమ్/360లో మెమరీని నకలు చేసే ఎంవీసీ ఆదేశం ఎడమ నుంచి బైటు బైటుగా నడుస్తుందని మాన్యువల్ హామీ ఇచ్చింది కనుక, అసెంబ్లీలో మొదటి బైటులో ఖాళీ పెట్టి ఇలాగే ప్రింట్ లైనంతా తుడిచేవారు. కోబాల్ మాత్రం 1959 నుంచీ అన్ని కంపెనీల యంత్రాలకూ ఉద్దేశించిన భాష. "మాది ఎప్పుడూ ఐబీఎమ్మే కదా" అంటారా? కంపైలర్ ఎంవీసీనే వాడాలన్న నియమం లేదు, 2013లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 5లో కోడ్ తయారుచేసే భాగమే మారిపోయింది. సీ భాషలో నకలు చేసే మెమ్‌కాపీకీ ఇదే షరతు, రెండు జాగాలూ ఒకదానిమీదొకటి పడితే ఫలితానికి హామీ లేదు. 2010లో లినక్స్ లైబ్రరీలో అది నకలు చేసే దిశ మారేసరికి ఫ్లాష్ ప్లేయర్ ధ్వని చెడిపోయింది. యంత్రం చేసి చూపేది వేరు, భాష హామీ ఇచ్చేది వేరన్న నా పాత పాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అలాగని రీడిఫైన్స్‌ను నిషేధించాలనను. ఎనిమిదంకెల తేదీని ఏడాది, నెల, రోజుగా విడదీసి చూడటానికి అది కావాలి. మధ్యలో ఒక వర్కింగ్ స్టోరేజ్ ఫీల్డు పెట్టి రెండు మూవ్‌లు రాస్తే సరిపోతుందని నేనూ వాదించేవాణ్ణే. కానీ ఆ మూవ్‌ను వెనకటివాళ్లు ఖాళీలు నింపడానికే రాసి ఉంటే, ఈ దిద్దుబాటుతో పాత డేటా ఒక బైటు జరిగి అక్కడే మిగిలిపోతుంది. అక్కడ రాయాల్సింది మూవ్ స్పేసెస్. ఏ ఉద్దేశంతో రాశారో ఆ వరసలో ఉండదు, ఆ ప్రోగ్రామ్ రాసే ఫైలును తర్వాత చదివే ప్రోగ్రాముల్లో ఉంటుంది. వాటిని చదివేదాకా ముట్టుకోవద్దన్నవాళ్ల మాటే సరైనది.