సాయానికి వచ్చిన అతిథి: ఇలిచ్ ప్రసంగం, ‘మిస్టర్ పిప్’ నవల

విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థి ఒకరు సెలవుల్లో పరాయి దేశంలోని సముద్రతీర గ్రామానికి వెళ్లి, అక్కడి పిల్లలకు కొన్ని వారాలపాటు ఇంగ్లీషు నేర్పి వస్తారు. వినగానే మంచి పని అనిపిస్తుంది. అలా అనిపించడంలోనే చిక్కు ఉందని వాదించినవాడు ఇవాన్ ఇలిచ్. ఈ భాగంలో ఆయన ప్రసంగం ఒకదాన్ని, న్యూజిలాండ్ రచయిత లాయిడ్ జోన్స్ నవల ‘మిస్టర్ పిప్’ (2006)ను పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం. వీటి మధ్య ప్రత్యక్ష సంబంధం లేదు. ఒకటి వేసిన ప్రశ్నను రెండోది మరో దారిలో ఎదుర్కొంటుంది కాబట్టి కలిపి చదవమంటున్నాను.

నేపథ్యం క్లుప్తంగా చూద్దాం. బ్రిటన్‌లో 1958లో వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్, అమెరికాలో 1961లో పీస్ కోర్ మొదలయ్యాయి. పీస్ కోర్ వలంటీర్లు 1976 వరకు మన దేశంలోనూ పనిచేశారు. ఆ ఉత్సాహం ఉధృతంగా ఉన్న కాలంలో, 1968 ఏప్రిల్‌లో, మెక్సికోలోని క్వెర్నవాకాలో అమెరికన్ విద్యార్థి వలంటీర్ల ఎదుట ఇలిచ్ మాట్లాడాడు. వాళ్లు వేసవిలో మెక్సికో గ్రామాలకు సేవ కోసం వెళ్లేవాళ్లు. దయచేసి వెళ్లకండి అని వాళ్ల ముఖాన్నే చెప్పాడాయన. ‘టు హెల్ విత్ గుడ్ ఇంటెన్షన్స్’ అన్న పేరుతో ఆ ప్రసంగం ప్రసిద్ధమైంది.

ఇలిచ్ వాదంలో కోపం పాలు ఎక్కువ. ఆ కోపాన్ని పక్కకు తీసి చూస్తే మిగిలే గట్టి అంశం భాష. మీ దేశంలోని పేదల మధ్యకు వెళితే, మీరు చేస్తున్నది తప్పని వాళ్లు మీకు అర్థమయ్యే మాటల్లో తిట్టగలరు. ఇక్కడ మిమ్మల్ని తిట్టినా మీకు తెలియదు అంటాడు. ఎదుటివారు ‘వద్దు’ అనే మాటను వినలేనివాడు చేసే సాయం సాయమెలా అవుతుంది?

దీన్ని ఇంగ్లీషు నేర్పే వలంటీరుకు అన్వయించి చూడండి. బావి తవ్వడానికి వచ్చినవాడు నీళ్లెక్కడ పడతాయో అడగడానికైనా ఊరి భాష నాలుగు ముక్కలు నేర్చుకోవాలి. ఇంగ్లీషు నేర్పడానికి వచ్చినవాడికి ఆ అవసరమూ లేదు. అతని భాషే పాఠం. ఊరి భాష రాకపోవడమే అతని అర్హతగా చెలామణీ అవుతుంది. ఇలిచ్ చెప్పిన చెవిటితనం ఇక్కడ లోపంగా కూడా కనబడదు.

అయితే ఇలిచ్‌ను పూర్తిగా ఒప్పుకోలేను. ఆయనా వియన్నాలో పుట్టి మెక్సికో చేరిన పరాయివాడే. అంతకన్నా ముఖ్యం, గ్రామం మాట వినడం లేదని విద్యార్థులను నిలదీసిన ఈ ప్రసంగంలో గ్రామస్థుల గొంతు మనకు వినిపించదు. వాళ్లకు ఏం కావాలో ఆయనే చెబుతాడు.

ఆ గొంతు కోసమే ‘మిస్టర్ పిప్’ దగ్గరికి రావాలి. పాపువా న్యూగినీలోని బూగన్‌విల్ దీవిలో అంతర్యుద్ధం, దిగ్బంధనం. తెల్లవాళ్లందరూ వెళ్లిపోయిన తీర గ్రామంలో వాట్స్ అనే ఒక్కడు మిగిలి బడి తెరుస్తాడు. అతను వలంటీరు కాదు, ఆ దీవి స్త్రీని పెళ్లాడి అక్కడ ఉంటున్నవాడు. కానీ ఉపాధ్యాయ శిక్షణ లేదు. చేతిలో ఉన్నది డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఒక్కటే. రోజూ కొంత చదివి వినిపిస్తాడు. దాంతోపాటు పిల్లల తల్లులను, ఊరివాళ్లను బడికి పిలిచి వాళ్లకు తెలిసింది చెప్పమంటాడు. ఒకరు నీలం రంగు గురించి, మరొకరు పీతలను చూసి వాతావరణం పసిగట్టడం గురించి చెబుతారు. కథ చెప్పే బాలిక మటిల్డా తల్లి డొలోరెస్ మాత్రం పాఠం చెప్పడానికి రాలేదు, వాట్స్‌తో వాదించడానికే వచ్చింది. దేవుణ్ణి నమ్మని ఈ మనిషి తన బిడ్డను తనకు కాకుండా చేస్తాడని ఆమె భయం. నవలకు ప్రాణం ఈ తగవు. ఇలిచ్ వినబడదన్న ‘వద్దు’ అనే మాట ఇక్కడ తరగతి గదిలోనే వినబడుతుంది.

ఆ పాఠానికి ఊరు చెల్లించిన మూల్యాన్ని కూడా జోన్స్ దాచలేదు. మటిల్డా ఇసుకలో ‘పిప్’ అని పేరు పేరుస్తుంది. సైనికులు అది దాక్కున్న తిరుగుబాటుదారు పేరనుకుంటారు. అది పుస్తకంలోని మనిషి పేరేనని చూపడానికి పుస్తకం ఉండదు, డొలోరెస్ దాచేసింది. ఇళ్లు తగలబడతాయి. ఆపై వాట్స్, డొలోరెస్ ఇద్దరూ చంపబడతారు. ఒక పరాయి నవలలోని పేరుకు అంత శక్తి ఉంటుందని ఏ వలంటీరు ఊహించగలడు?

వాట్స్ పట్ల రచయితకు కాస్త ఎక్కువ మమకారమే ఉందని నాకనిపిస్తుంది. దానికి విరుగుడు కూడా నవలలోనే ఉంది. ఆస్ట్రేలియా చేరిన మటిల్డా డికెన్స్ మూలాన్ని స్వయంగా చదివి, వాట్స్ తమకు వినిపించింది కుదించి మార్చిన కథ అని కనిపెడుతుంది. గురువును తప్పుపట్టే సాధనం ఆమెకు ఆ గురువు ఇచ్చిన ఇంగ్లీషే. ఇలిచ్ లెక్కలోకి రాని లాభమిది.

ఇదంతా దూరదేశాల గొడవ అనుకోకండి. మీలో కొందరు విద్యా వలంటీర్లుగా పనిచేస్తూ ఉండవచ్చు. ఏజెన్సీ గ్రామంలో కోయ, గోండీ మాట్లాడే పిల్లల ముందు నిలబడినప్పుడు, మన తెలుగే అక్కడ ఆ అతిథి భాష.

తల్లుల పాఠాలున్న అధ్యాయాలను మళ్లీ చదివి, వాట్స్ వాటికెలా స్పందించాడో రాసుకోండి. చూడటానికి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం వద్దు అని ఇలిచ్ తన ప్రసంగాన్ని ముగించాడు. ఆ ఆహ్వానంలో వాట్స్‌కు చోటుందా? ఒక పేజీకి మించకుండా జవాబు రాయండి.