దర్శి ఏ వర్గంలో ఉండాలి?

తెలుగు వికీపీడియాలో వ్యాసం రాసినవాళ్లను నలుగురూ మెచ్చుకుంటారు. ఆ వ్యాసం అడుగున వర్గాలు చేర్చేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. నాకు మాత్రం ఆ పనే ఇష్టం. 2003 డిసెంబరు నుంచి పోగుపడుతున్న సమాచారంలో కావాల్సింది చేతికందాలంటే వర్గాలే దారి.

మా దర్శినే తీసుకోండి. ఇవాళ ప్రకాశం జిల్లా. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో తాలూకా. మాతోపాటు పొదిలి, కనిగిరి, కందుకూరు కూడా అక్కడి నుంచే వచ్చాయి. ఒంగోలు గుంటూరు నుంచి, మార్కాపురం కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో దర్శి తాలూకా శాసనాలున్నాయి. ప్రకాశం పేరుతో వెతికేవాళ్లకు అవి కనబడవు. అల్మారాలో పుస్తకాన్ని ఒక్క అరలోనే పెట్టగలం. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు, ఒకే వ్యాసాన్ని రెండు జిల్లాల వర్గాల్లోనూ చేర్చవచ్చు. 2022లో చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా మారిందని పాత వర్గం తీసేస్తే పాత చరిత్రకు దారి మూసేసినట్టే.

వర్గానికి పేరు పెట్టడం ఇంకా కష్టం. ఒక్క అక్షరం తేడా వచ్చినా సాఫ్ట్‌వేర్‌కు అది వేరే వర్గమే. ‘ప్రకాశం జిల్లా గ్రామాలు’ ఒకటి, ‘ప్రకాశం జిల్లాలోని గ్రామాలు’ మరొకటి పెడితే సగం ఊళ్లు ఇటు, సగం అటు అవుతాయి. తర్వాత సరిదిద్దాలంటే ప్రతి వ్యాసాన్నీ ముట్టుకోవాలి.

ఎవరు వెతుకుతారన్నదే అసలు ప్రశ్న. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ ధరల పట్టికలో పచ్చిమిర్చి కూరగాయల కింద, ఎండుమిర్చి సుగంధద్రవ్యాల కింద ఉంటాయి. బేరానికి అది సబబే. ఒకటి రైతుబజారుకు, మరొకటి గుంటూరు యార్డుకు పోతుంది. చేలో మాత్రం మొక్క ఒకటే. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడ్డప్పుడు రైతుకు కావాల్సింది పురుగు కబురు. దాన్ని కీటకశాస్త్రం కింద దాచిపెడితే ఎవరు తెరుస్తారు? ‘మిరప తెగుళ్లు, పురుగులు’ అంటే తెరుస్తారు.

సర్దేవాడి చదువు కాదు, వెతికేవాడి అవసరం వర్గాన్ని నిర్ణయించాలి. మీ ఊరి వ్యాసం ఒకసారి తెరిచి అడుగున చూడండి. మీరు వెతికే పేరు అక్కడ లేకపోతే చేర్చండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.